పెరుగు మానేసిన కంచంలో ఏమేం తగ్గుతాయి?

ఉదయం కాఫీ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం టీ, రాత్రి మళ్లీ పెరుగో మజ్జిగో కలుపుకుంటే, పాడి బాగా వాడే శాకాహార కుటుంబంలో ఒక్కొక్కరికి రోజుకు ఇంచుమించు అర లీటరు పాలు అందుతాయి. ఆ అర లీటరు ఆవుపాలలో సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు, 600 మిల్లీగ్రాముల కాల్షియం, 0.8 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్), 2 మైక్రోగ్రాముల బి12 విటమిన్, కొంత అయోడిన్ ఉంటాయి. మాంసం, గుడ్లు మొదటి నుంచీ ముట్టని తెలుగు శాకాహారి పాలు, పెరుగు కూడా మానేసి వీగన్‌గా మారినప్పుడు కంచంలోంచి తొలగిపోయేవి సరిగ్గా ఇవే. పప్పు, కూర, పచ్చడి, పులుసు ఎప్పటిలాగే ఉంటాయి కాబట్టి భోజనంలో పెద్ద మార్పేమీ జరగలేదనిపిస్తుంది. పోయినవాటిని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఒక్కొక్కటిగా చూసుకోకపోవడం వల్లనే చాలామంది ఏడాది రెండేళ్ల తర్వాత నీరసమనీ, తిమ్మిర్లనీ వైద్యుల దగ్గరికి వెళ్లవలసి వస్తుంది.

వీటిలో బి12 ఒక్కటే పూర్తిగా వేరే కోవకు చెందినది. మిగిలిన పోషకాలన్నిటికీ వంటింట్లోనే ఏదో ఒక ప్రత్యామ్నాయం దొరుకుతుంది, దీనికి మాత్రం దొరకదు. ఈ విటమిన్‌ను ఏ మొక్కా తయారు చేయదు, ఏ జంతువూ తయారు చేయదు. కొన్ని రకాల సూక్ష్మజీవులు మాత్రమే తయారు చేస్తాయి. ఆవు, మేక వంటి నెమరువేసే జంతువుల పొట్టలోని సూక్ష్మజీవులు తయారు చేసినది వాటి పాలలోకి, మాంసంలోకి చేరుతుంది. మన పెద్దపేగులో కూడా అటువంటి సూక్ష్మజీవులు ఉన్నాయి, కానీ బి12ను శరీరం గ్రహించుకునే చోటు అంతకు ముందున్న చిన్నపేగు చివరి భాగం కావడంతో అక్కడ తయారైనది మనకు అక్కరకు రాదు. ఇడ్లీ పిండి పులుస్తుంది కాబట్టి అందులో బి12 ఉంటుందనీ, చద్దన్నంలో ఉంటుందనీ, మట్టి అంటిన కూరగాయలు కడగకుండా తింటే వస్తుందనీ చెప్పే మాటలు తరచూ వినిపిస్తాయి. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు నమ్మదగినంత బి12ను ఇవ్వవు. స్పిరులినా అనే నాచు పొడిలో ఉండేది ఎక్కువ భాగం బి12ను పోలిన మరో పదార్థం. పరీక్షలో అది బి12లాగే లెక్కకు వచ్చినా మన శరీరానికి పనికిరాదు. ఈ విషయంలో చర్చకు పెద్దగా తావు లేదు: వీగన్ ఆహారం తీసుకునేవారు బి12ను మాత్ర రూపంలోనో, దాన్ని కలిపి అమ్మే ఆహారం రూపంలోనో తీసుకోవలసిందే.

పాశ్చాత్య దేశాలలో వీగన్‌లకు చెప్పే ఊరడింపు మాట ఒకటుంది. కాలేయంలో బి12 నిల్వలు కొన్నేళ్లపాటు సరిపోతాయి, తొందరేమీ లేదని. పెద్దయ్యే వరకూ మాంసం, చేపలు, గుడ్లు, జున్ను తిన్న మనిషి శరీరంలో, ఎక్కువగా కాలేయంలో, రెండు నుంచి ఐదు మిల్లీగ్రాముల బి12 నిల్వ ఉంటుంది; శరీరం రోజూ పోగొట్టుకునేది అందులో అతి స్వల్పం కాబట్టి వారి విషయంలో ఆ మాట నిజమే. పుట్టినప్పటి నుంచీ శాకాహారంలో ఉన్న భారతీయుల పరిస్థితి అది కాదు. మన దేశపు శాకాహారులలో బి12 తక్కువగా ఉండడం వైద్యులకు నిత్యం ఎదురయ్యే విషయమే. రోజూ అర లీటరు పాలు తాగినా వచ్చేది అవసరానికి బొటాబొటీగా సరిపోయే 2 మైక్రోగ్రాములు, అందులోనూ మళ్లీ మళ్లీ కాచడం వల్ల కొంత నశిస్తుంది. నీళ్లు ఎక్కువగా పోసిన మజ్జిగతోనే సరిపెట్టుకునేవారికి అదీ ఉండదు. గాదె నిండుగా ఉన్నవాడికి చెప్పిన ధైర్యం గాదె అడుగు కనిపిస్తున్నవాడికి వర్తించదు. ఇతర దేశాల సలహాలను చదివి రెండేళ్ల తర్వాత చూసుకుందాంలే అనుకునే తెలుగు శాకాహారి మోసపోయేది ఇక్కడే.

బి12 మోతాదుల అంకెలు మొదటిసారి చూసినవారికి అయోమయంగా ఉంటాయి. పెద్దవారి రోజువారీ అవసరం రెండు నుంచి రెండున్నర మైక్రోగ్రాములు మాత్రమే కాగా, మందుల దుకాణంలో దొరికే మాత్రలో 500, 1000, 1500 మైక్రోగ్రాములు ఉంటాయి. ఇంత తేడాకు కారణం దాన్ని గ్రహించే పద్ధతి. జీర్ణాశయపు గోడలు స్రవించే ఒక మాంసకృత్తి బి12ను పట్టుకుని చిన్నపేగు చివరి భాగం దాకా తీసుకువెళుతుంది. ఒక్క పూటలో అది మోయగలిగింది ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములకు మించదు. అంతకు మించి మింగినదాంట్లో నూటికి ఒక వంతు మాత్రమే దానంతటదే పేగు గోడల గుండా రక్తంలోకి ఇంకుతుంది. అందువల్ల రోజూ తీసుకునేవారికి 10 మైక్రోగ్రాములు చాలు, వారానికి ఒక్కసారే తీసుకునేవారికి 2000 మైక్రోగ్రాములు కావాలి. 1944లో ఇంగ్లండులో ఏర్పడిన వీగన్ సొసైటీ తన సభ్యులకు సూచించే మోతాదు కూడా ఇదే. మన దగ్గర బి12 రూపాలలో ఒకటైన మెథైల్‌కోబాలమిన్ మాత్రలే ఎక్కువగా దొరుకుతాయి. మరో రూపమైన సైనోకోబాలమిన్ వాటికన్నా చవక, నిల్వ ఉండడంలో మేలైనది. నిల్వలు నిజంగా అడుగంటి, తిమ్మిర్లు మొదలైన మనిషికి ఈ మోతాదులు చాలవు, ఇంజెక్షన్ అవసరమా కాదా అన్నది వైద్యుడే తేల్చాలి. షుగరు వ్యాధికి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నవారిలో బి12 గ్రహింపు మరింత తగ్గుతుంది కాబట్టి వారు ఆ సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పాలి.

ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బియ్యం మాట విని, ఇక మాత్ర ఎందుకని అడిగేవారూ ఉన్నారు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రకారం అటువంటి బియ్యంలో కిలోకు 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాముల వరకు బి12 ఉండాలి. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తినే మనిషికి, వార్పులో పోయేదాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, అందేది 0.3 మైక్రోగ్రాములే. అవసరంలో అది ఎనిమిదో వంతుకు అటూఇటూ ఉంటుంది.

బి12 లోపం అంత తేలికగా బయటపడకపోవడానికి ఫోలిక్ ఆమ్లం ఒక కారణం. ఈ కథలో తెలుగువారికి దగ్గరి పేరు ఒకటి వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధికి బలయ్యారు; ఆ వ్యాధిలో తీవ్రమైన రక్తహీనత కలుగుతుంది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. దాన్ని అప్పటి వైద్యులు పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనత ఉన్న రోగులకు కూడా ఇచ్చి చూశారు. రక్తం మెరుగుపడింది, కానీ నరాల జబ్బు ఆగలేదు, కొందరిలో ముదిరింది. ఆ రోగులలో అసలు లోపించినది బి12 అని 1948లో దాన్ని వేరుచేసిన తర్వాత స్పష్టమైంది. పప్పులు, ఆకుకూరలు దండిగా తినే వీగన్‌కు ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లపు సహజ రూపం) పుష్కలంగా అందుతుంది, అందువల్ల రక్తపరీక్షలో రక్తహీనత కనిపించకుండానే పాదాలలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండడం, నడకలో తడబాటు, మతిమరుపు మొదలుకావచ్చు. దీనికి ఇనుము లోపం కూడా తోడైతే మరో చిక్కు. బి12 లోపం ఎర్రకణాలను పెద్దవి చేస్తుంది, ఇనుము లోపం చిన్నవి చేస్తుంది. రెండూ ఉన్న మనిషి నివేదికలో సగటు పరిమాణం మామూలుగానే కనబడుతుంది. మామూలు రక్తపరీక్ష బాగానే ఉందని నిశ్చింతగా ఉండకుండా, మాత్రలు మొదలుపెట్టక ముందే ఒకసారి బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది. మాత్రలు వేసుకున్న తర్వాత రక్తంలో అంకె పెరిగిపోతుంది కాబట్టి అసలు ఏ స్థితి నుంచి మొదలయ్యామో తెలుసుకునే వీలు పోతుంది. అంకె సరిహద్దులో ఉంటే హోమోసిస్టీన్, మిథైల్ మెలోనిక్ ఆమ్లం పరీక్షలు సందేహం తీరుస్తాయి.

కాల్షియం విషయానికి వస్తే మన వంటింట్లో సరంజామా ఉంది, కాకపోతే దాన్ని తినే మోతాదు చాలదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తల భాగస్వామ్యంతో 2020లో వెలువడిన సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు, వంద గ్రాముల మునగాకులో 300 పైచిలుకు, పొట్టు తీయని నువ్వులలో వెయ్యికి పైగా ఉంటాయి. ఈ వంద గ్రాముల అంకెలే చాలామందిని తప్పుదోవ పట్టిస్తాయి. వంద గ్రాముల నువ్వులు ఒక్కరోజులో ఎవరూ తినరు. అన్నంలో కలుపుకునే ఒక పెద్ద చెంచా నువ్వుల పొడి పది గ్రాములుంటుంది, దాంట్లో వచ్చేది 120 చిల్లర. కరివేపాకులో కాల్షియం మెండుగా ఉన్న మాట నిజమే గానీ, పోపులో వేసిన పది రెబ్బలను విస్తరి పక్కకు తీసిపెట్టే మనకు అది అందేదెక్కడ?

ఉన్నదంతా ఒంటికి పట్టదన్నది రెండో చిక్కు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టి ఉంచుతాయి కాబట్టి అందులో ఉన్నదాంట్లో నూటికి ఐదు వంతులే శరీరానికి దక్కుతుంది. పాలలోదైతే ముప్పై వంతుల దాకా దక్కుతుంది. తోటకూర, బచ్చలి కూడా ఆక్సలేట్లు ఎక్కువున్నవే. ఇనుముకో ఫోలేట్‌కో అవి తినవలసినవే, కాల్షియం లెక్కలో మాత్రం వేసుకోకూడదు. క్యాబేజీ, ఆవాకు కుటుంబపు కూరలలో ఉన్న కాల్షియంలో ఒంటికి పట్టే వంతు పాలకన్నా ఎక్కువే. మునగాకు పప్పును పండుగకో పబ్బానికో కాకుండా వారానికి మూడు నాలుగు సార్లు వండుకోవాలి. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించే పాత పద్ధతిలో వాటిలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి కాల్షియం, ఇనుము, జింక్ మూడూ మరింత బాగా అందుతాయి. అరవై గ్రాముల రాగి పిండితో సంకటో జావో, యాభై గ్రాముల మునగాకు, పెద్ద చెంచా నువ్వుల పొడి కలిపితే దాదాపు 500 మిల్లీగ్రాములు వస్తాయి, పప్పులు, కూరలు మరో 200 వరకు ఇస్తాయి. మిగిలిన 300 కోసం కాల్షియం కలిపిన సోయా పాలు ఒక గ్లాసు, లేదా కాల్షియం లవణంతో విరిచిన టోఫు (సోయా పన్నీరు) అవసరమవుతుంది.

ఇంట్లో రుబ్బుకునే బాదం పాలు, పల్లీ పాలు, కొబ్బరి పాలు కాఫీకి రుచినిస్తాయేమో గానీ, కాల్షియం విషయంలో వాటిని పాలతో సమానంగా చూడకూడదు. పల్లీ పాలు తోడుపెట్టిన పెరుగు పుల్లగా, కమ్మగా కుదిరినా అంతే. అంగట్లో కొనే డబ్బా మీద వంద మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల కాల్షియం అని రాసి ఉందో లేదో చూసి కొనుక్కోవాలి, కలిపిన కాల్షియం అడుగుకు చేరుతుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదిపి పోసుకోవాలి. డబ్బా మీద ఆకుపచ్చ వీగన్ గుర్తు ఉంటే అందులో జంతు సంబంధ పదార్థాలు లేవని మాత్రమే అర్థం, పోషకాలు కలిపారని కాదు. కలిపినట్టు చెప్పే గుర్తు వేరు, అది ప్లస్ గుర్తు పక్కన ఎఫ్ అక్షరంతో ఉంటుంది.

ఇంత కాల్షియం సమకూర్చుకున్నా విటమిన్ డి లేకపోతే అది ఎముకకు చేరదు. ఎండ కాసే దేశంలో ఉన్నా నీడపట్టున పనిచేసేవారికి ఈ లోపం సర్వసాధారణం, పాలు తాగేవారికీ తాగనివారికీ కూడా. మాత్రలలో వాడే డి3 సాధారణంగా గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచి తీసింది, గుళిక తొడుగు జిలాటిన్‌ది. ఇవి వద్దనుకునేవారికి నాచును పోలిన లైకెన్ల నుంచి తీసిన డి3, లేదా డి2 దొరుకుతాయి. వారానికి ఒకటి చొప్పున రాసే 60,000 యూనిట్ల మోతాదును వైద్యుడు చెప్పిన వారాలకు మించి సొంతంగా కొనసాగించడం ప్రమాదకరం.

చుట్టాలందరూ మొదట అడిగే ప్రశ్న మాంసకృత్తుల గురించి. ఆ ప్రశ్నకు కంగారుపడనక్కరలేదు గానీ, కొట్టిపారేయనూ కూడదు. 55 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాములు, 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు కావాలి. 300 గ్రాముల బియ్యం నుంచి 24 గ్రాములు, మనిషికి 30 గ్రాముల కందిపప్పు నుంచి ఆరున్నర గ్రాములు వస్తాయి. రెండూ కలిపి ముప్పై. దానికి అర లీటరు పాలలోని 16 చేర్చి చూడండి, స్త్రీకి కావలసిన అంకెకు వస్తుంది! మన భోజనంలో ఇన్నాళ్లూ పప్పు చేయవలసిన పనిని పెరుగు చేసిందన్నమాట. పెరుగు పోయాక పప్పు పలచగా ఉండడానికి వీల్లేదు. మనిషికి పప్పు గింజలు 60 గ్రాములకు పెంచి, గుప్పెడు పల్లీలు, పాతిక గ్రాముల మీల్‌మేకర్ చేర్చుకుంటే దాదాపు 27 గ్రాములు అదనంగా వచ్చి పురుషుడి అవసరం కూడా తీరిపోతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పుధాన్యాలలో బాగా ఉంటుంది కాబట్టి పప్పన్నం, ఇడ్లీ, పొంగలి, పెసరట్టు ఉప్మా ఈ కొరతను వాటంతటవే పూరిస్తాయి. రెండూ ఒకే ముద్దలో ఉండాలన్న నియమం లేదు, ఒక రోజులో పడితే చాలు. సాంబారు, చారులను మాత్రం పప్పు కింద జమ కట్టకూడదు.

ఇనుము విషయంలో పెరుగు మానేయడం ఒక విధంగా మేలే చేస్తుంది. మొక్కల నుంచి వచ్చే ఇనుమును గ్రహించడానికి అదే పూటలో తిన్న కాల్షియం అడ్డుపడుతుంది. ఆకుకూర పప్పు తిని చివర పెరుగన్నంతో ముగించే అలవాటు పోతే ఆ అడ్డు తగ్గుతుంది. అయితే స్త్రీలకు సిఫారసు చేసిన మోతాదు రోజుకు 29 మిల్లీగ్రాములు, అంత ఇనుము ఏ ఆహారంతోనైనా సమకూర్చుకోవడం కష్టమే. పప్పు దించిన తర్వాత నిమ్మకాయ పిండుకోవడం, భోజనంలో జామకాయో ఉసిరికాయో ఉండేలా చూసుకోవడం, కాఫీ, టీలను భోజనానికి గంట ముందుకో గంట తర్వాతకో జరపడం వంటివి చిన్న పనులైనా ఫలితం చూపిస్తాయి. ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర రెండూ వేసుకునేవారు వాటిని వేర్వేరు పూటలకు పెట్టుకోవాలి. జింక్‌కూ ఇంచుమించు ఇవే ఆహారాలు, ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

రైబోఫ్లేవిన్ గురించి ఎవరూ మాట్లాడరు. శాకాహార భోజనంలో దానికి పెద్ద ఆధారం పాలే. పెదవుల మూలలు పగలడం, నోటిపూత మళ్లీ మళ్లీ రావడం దాని లోపానికి తొలి సూచనలు కావచ్చు. పుట్టగొడుగులు, బాదం, ఆకుకూరలు, పొట్టుతో ఉన్న పప్పులు కొంత పూడుస్తాయి.

అయోడిన్ లోపం వీగన్ ఆహారంతో కన్నా దాంతోపాటు వచ్చే అలవాట్లతో ఎక్కువగా కలుగుతుంది. పాలు మానేసే రోజుల్లోనే ‘ప్రకృతి సహజం’ అంటూ ప్యాకెట్ ఉప్పు మానేసి గులాబీ రంగు రాతి ఉప్పుకో కళ్లుప్పుకో మారేవారు చాలామంది. అమ్మకపు ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. పాలూ లేక, అయోడిన్ ఉప్పూ లేక రోజుకు కావలసిన 150 మైక్రోగ్రాములు రావడానికి తెలుగు భోజనంలో వేరే దారి లేదు. వంటకు మామూలు అయోడిన్ ఉప్పే వాడుకోవాలి.

ఒమేగా-3 కొవ్వులకు తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న అవిసె గింజల కారప్పొడి చాలా మంచి మార్గం. గింజలను అలాగే మింగితే అరగకుండానే బయటికి పోతాయి, పొడి కొట్టుకోవాలి. పెద్ద చెంచా పొడిలో ఒకటిన్నర గ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వు ఉంటుంది, పెద్దవారికి రోజుకు అది చాలు. చేపలలో ఉండే మరో ఒమేగా-3 కొవ్వు డీహెచ్ఏగా మారేది దాంట్లో కొద్ది భాగమే కాబట్టి గర్భిణులు, పాలిచ్చే తల్లులు నాచు నుంచి తీసిన నూనె గుళికల గురించి వైద్యుడిని అడగవచ్చు.

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవారివి. గర్భిణులు, పాలిచ్చే తల్లుల విషయంలో తప్పు జరిగితే దాన్ని అనుభవించేది బిడ్డ. తల్లికి బి12 లోపం ఉంటే ఆమె పాలలోనూ బి12 తక్కువగానే ఉంటుంది; పుట్టినప్పుడు బాగానే ఉన్న పసివాడు ఏడాదిలోపు మందకొడిగా మారడం, నేర్చుకున్న బోర్లాపడడం, కూర్చోవడం మరిచిపోవడం, చేతులు వణకడం వంటి లక్షణాలు చూపుతాడు, ఆలస్యమైతే మెదడు ఎదుగుదలలో కొంత నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాలు చాలకపోతే బాదం పాలో, రాగి జావో ప్రత్యామ్నాయం కాదు. శిశువుల కోసమే తయారైన సోయా ఫార్ములాను వైద్యుడి సలహాతో ఇవ్వాలి. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఉంటాయి, బి12 ఉండదు. ఆ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నందువల్ల హిమోగ్లోబిన్ బాగానే కనబడవచ్చు. అందుచేత పాలు, పెరుగు కూడా తీసుకోవడం లేదన్న సంగతిని మొదటి పరీక్షకు వెళ్లిన రోజునే చెప్పి, బి12 మాత్ర విడిగా రాయించుకోవాలి.